సెలీనియం: బ్రౌజర్ పరీక్షల సాధనాన్ని అమర్చుకునే తీరు

సెలీనియం అనేది వెబ్ అప్లికేషన్లను నిజమైన బ్రౌజర్‌లో తెరిచి, మనిషి చేసినట్టే బటన్లు నొక్కి, ఫారాలు నింపి, తెరమీదికి వచ్చిన ఫలితాన్ని సరిచూసే ఓపెన్ సోర్స్ సాధనాల సముదాయం. అపాచీ 2.0 లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతుంది. జావా, పైథాన్, సీషార్ప్, రూబీ, జావాస్క్రిప్ట్ భాషల్లో దీనికి అధికారిక లైబ్రరీలు ఉన్నాయి. బ్రౌజర్‌ను నడిపేది వెబ్‌డ్రైవర్, పరీక్షలను అనేక యంత్రాలమీద ఒకేసారి నడిపేది గ్రిడ్, బ్రౌజర్‌లో చేసిన పనిని రికార్డు చేసి మళ్లీ నడిపించేది ఐడీఈ. హైదరాబాద్ అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులు చూసినవారికి ఈ పేరు కొత్త కాదు. టెస్టింగ్ ఉద్యోగాలకు సిద్ధమయ్యే తెలుగు యువతలో చాలామంది ఆటోమేషన్‌లోకి అడుగుపెట్టేది దీనితోనే.

స్క్రిప్టు రాయడం కొద్ది వారాల్లో పట్టుబడుతుంది. అదే స్క్రిప్టు రాసినవారి లాప్‌టాప్‌లోనూ, పక్క సీటువారి లాప్‌టాప్‌లోనూ, రాత్రిపూట బిల్డ్ నడిచే సర్వర్‌లోనూ ఒకే ఫలితం ఇచ్చేలా చేయడం వేరే విద్య. ఏ బ్రౌజర్, ఏ వెర్షన్, తెర వెడల్పు ఎంత, భాష ఏది, గడియారం ఏ దేశానిది, పేజీ కోసం ఎంతసేపు ఆగాలి? వీటన్నిటినీ ఎవరో ఒకరు నిర్ణయించక తప్పదు. మనం చెప్పకుండా వదిలేస్తే యంత్రమే నిర్ణయించుకుంటుంది. ఆ నిర్ణయం ఒక్కో యంత్రంలో ఒక్కోలా ఉంటుంది. వదిలేసినవాటిని వెతికి పట్టుకుని రాతలో పెట్టడమే కాన్ఫిగరేషన్. బ్రౌజర్ పరీక్షలమీద ఒక టీమ్‌కు నమ్మకం కుదిరేదీ, పోయేదీ చాలావరకు ఇక్కడే.

పుట్టుక, ఎదుగుదల

2004లో షికాగోలోని థాట్‌వర్క్స్‌లో పనిచేస్తున్న జేసన్ హగ్గిన్స్, ఉద్యోగుల పనిగంటలు, ఖర్చులు నమోదు చేసే సంస్థ అంతర్గత అప్లికేషన్‌ను పరీక్షించడానికి జావాస్క్రిప్ట్‌తో ఒక చిన్న సాధనం తయారుచేశాడు. అది బ్రౌజర్ లోపలే నడిచేది. దాంతో ఒక చిక్కు వచ్చింది. ఒక సైటు నుంచి వచ్చిన స్క్రిప్టు మరో సైటు పేజీని ముట్టుకోకూడదన్నది బ్రౌజర్ల భద్రతా నియమం. కాబట్టి పరీక్షా సాధనాన్ని కూడా అప్లికేషన్ ఉన్న సర్వర్‌లోనే పెట్టవలసి వచ్చేది. ఈ అడ్డంకిని దాటడానికి పాల్ హామంట్ తదితరులు మధ్యలో ఒక ప్రాక్సీని నిలబెట్టి, అన్నీ ఒకే సైటు నుంచి వస్తున్నట్టు బ్రౌజర్‌కు కనిపించేలా చేశారు. అదే సెలీనియం రిమోట్ కంట్రోల్. 2006లో జపాన్‌కు చెందిన షిన్యా కసతాని ఫైర్‌ఫాక్స్ కోసం ఐడీఈని అందించాడు.

ఆ కాలంలోనే సైమన్ స్టీవార్ట్ మరో దారి పట్టాడు. పేజీ లోపల జావాస్క్రిప్ట్ నడపడం మాని, ఒక్కో బ్రౌజర్‌ను దాని సొంత పద్ధతిలో బయటినుంచే నడిపించే వెబ్‌డ్రైవర్‌ను రాశాడు. 2009లో రెండు ప్రాజెక్టులనూ కలపాలని నిర్ణయించారు. ఆ కలయిక ఫలితమైన సెలీనియం 2 2011 జులైలో వచ్చింది. 2016 అక్టోబరులో మూడో వెర్షన్, 2021 అక్టోబరులో నాలుగో వెర్షన్ వెలువడ్డాయి. వీటి నడుమ 2018 జూన్ 5న వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం వెబ్‌డ్రైవర్‌ను అధికారిక ప్రమాణంగా ప్రకటించింది. అమరిక దృష్టితో చూస్తే ఈ చరిత్ర మొత్తంలో ముఖ్యమైన తేదీ అదే. డ్రైవర్ తయారీ బ్రౌజర్ సంస్థల బాధ్యతగా స్థిరపడింది. క్రోమ్‌కు క్రోమ్‌డ్రైవర్, ఫైర్‌ఫాక్స్‌కు గెకోడ్రైవర్, ఎడ్జ్‌కు మైక్రోసాఫ్ట్ డ్రైవర్ ఉన్నాయి. మ్యాక్‌లో సఫారీ డ్రైవర్ ముందే ఉంటుంది, దాన్ని ఒక్కసారి ఎనేబుల్ చేసుకుంటే చాలు.

ఈ బాధ్యత ఎంత బరువైనదో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌తో పనిచేసినవారికి తెలుసు. దాని డ్రైవర్‌ను సెలీనియం ప్రాజెక్టే నిర్వహించేది. సెక్యూరిటీ జోన్లన్నిటిలో ప్రొటెక్టెడ్ మోడ్ ఒకేలా లేకపోయినా, జూమ్ సరిగ్గా 100 శాతం లేకపోయినా అది మొండికేసేది. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ ఆ బ్రౌజర్‌కు విశ్రాంతి ప్రకటించడంతో ఆ సెట్టింగులను కంఠతా పట్టే పని తప్పింది.

లోపల జరిగేది

స్క్రిప్టులో ఒక్క క్లిక్ అని రాస్తే, లైబ్రరీ దాన్ని హెచ్‌టీటీపీ అభ్యర్థనగా మార్చి డ్రైవర్‌కు పంపుతుంది. డ్రైవర్ అంటే మన యంత్రంలోనే నడిచే చిన్న సర్వర్. క్రోమ్‌డ్రైవర్ మామూలుగా 9515 పోర్టులో, గెకోడ్రైవర్ 4444 పోర్టులో వింటుంటాయి. డ్రైవర్ ఆ కోరికను బ్రౌజర్‌కు చేరవేసి, జవాబును వెనక్కి తెస్తుంది. మొదటి అభ్యర్థన ఎప్పుడూ కొత్త సెషన్ కోసమే. మనం ఇచ్చే సెట్టింగులన్నీ అందులోనే వెళ్తాయి.

ఈ ఏర్పాటులో గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. పేజీలోని బటన్‌ను వెతికితే స్క్రిప్టు చేతికి వచ్చేది బటన్ కాదు, దానికి డ్రైవర్ ఇచ్చిన గుర్తింపు సంఖ్య మాత్రమే. పేజీ ఆ భాగాన్ని చెరిపి మళ్లీ గీస్తే, అచ్చం అలాంటి బటనే కంటికి కనిపిస్తున్నా పాత గుర్తింపు చెల్లదు. కొత్తవారిని ఎక్కువగా కంగారుపెట్టే స్టేల్ ఎలిమెంట్ ఎర్రర్‌కు మూలం ఇదే. దానికి మందు, ఎలిమెంట్లను వెతికి దాచుకోకుండా వాడే క్షణంలోనే వెతకడం.

వెర్షన్ల పొత్తు

క్రోమ్ తనంతట తానే అప్‌డేట్ అవుతుంది. 2021లో 94వ వెర్షన్ నుంచి నాలుగు వారాలకొక కొత్త వెర్షన్ రావడం మొదలైంది. డ్రైవర్ మాత్రం మనం ఎక్కడ పెడితే అక్కడే ఉండిపోయేది. ఒక సోమవారం ఉదయం ఆఫీసుకు వచ్చేసరికి పరీక్షలన్నీ ఎర్రబడి ఉండేవి. అప్లికేషన్‌లో ఎవరూ ఏదీ మార్చి ఉండరు. డ్రైవర్ వెర్షన్ బ్రౌజర్ వెర్షన్‌తో పొసగక సెషనే మొదలై ఉండదు.

ఈ బాధను తగ్గించిన మార్పులు రెండు. 2022 నవంబరులో సెలీనియం 4.6తో పాటు సెలీనియం మేనేజర్ వచ్చింది. రస్ట్ భాషలో రాసిన ఈ చిన్న ప్రోగ్రాం, యంత్రంలో ఉన్న బ్రౌజర్ వెర్షన్ చూసి, తగిన డ్రైవర్‌ను తెచ్చి పెడుతుంది. 2023లో గూగుల్ క్రోమ్ ఫర్ టెస్టింగ్ అనే ప్రత్యేక బిల్డ్‌ను ప్రవేశపెట్టింది. అది తనంతట తాను అప్‌డేట్ కాదు, ప్రతి వెర్షన్‌కూ సరిపడే డ్రైవర్ జతగా దొరుకుతుంది. 115వ వెర్షన్ నుంచి క్రోమ్‌డ్రైవర్ విడుదలలు కూడా దానితోనే ముడిపడ్డాయి.

రోజువారీ బిల్డ్‌కు బ్రౌజర్ వెర్షన్‌ను ఒకచోట కట్టేయడం మేలు. అప్పుడు పరీక్ష ఫెయిలైతే కారణం అప్లికేషన్‌లోనే ఉందని ధైర్యంగా వెతకవచ్చు. అయితే వాడుకరుల బ్రౌజర్లు మారుతూనే ఉంటాయి కాబట్టి, బీటా వెర్షన్‌తో వేరుగా ఒక రన్ పెట్టుకోవాలి. ఈ రెండూ లేకుండా ఏది దొరికితే అది అన్నట్టు వదిలేస్తే, ఫలితం ఎందుకు మారిందో చెప్పగలిగేవారు ఉండరు. ఆఫీసు నెట్‌వర్క్ బయటి డౌన్‌లోడ్లను అడ్డుకునే చోట సెలీనియం మేనేజర్‌కు ప్రాక్సీ చిరునామా చెప్పాలి, లేదా బ్రౌజర్‌నూ డ్రైవర్‌నూ సంస్థ సొంత నిల్వలో పెట్టి అక్కడి దారి చూపాలి.

సెషన్ సెట్టింగులు

ప్రమాణం కింద ప్రతి బ్రౌజర్‌కూ వర్తించే సెట్టింగులు కొద్దే. బ్రౌజర్ పేరు, వెర్షన్, ప్లాట్‌ఫాం, టైమ్‌అవుట్లు, ప్రాక్సీ, సరిగా లేని సర్టిఫికెట్లను అంగీకరించాలా వద్దా, అనుకోకుండా అలర్ట్ పెట్టె వస్తే ఏం చేయాలి అన్నవి వాటిలో ముఖ్యమైనవి. అలర్ట్ సంగతి చెప్పకపోతే, డ్రైవర్ దాన్ని మూసేసి స్క్రిప్టుకు ఎర్రర్ ఇస్తుంది. టెస్ట్ సర్వర్లకు సొంతంగా తయారుచేసుకున్న సర్టిఫికెట్లు ఉండటం మామూలే కాబట్టి వాటిని అంగీకరించమని చెప్పవలసి వస్తుంది. ఇది టెస్ట్ సర్వర్‌కే పరిమితం కావాలి. అసలు సైటును పరీక్షించే రన్‌లో కూడా ఆన్ చేసి ఉంచితే, సర్టిఫికెట్ గడువు తీరిపోయినా పరీక్షలు పచ్చగానే కనిపిస్తాయి.

పేజ్ లోడ్ స్ట్రాటజీకి మూడు విలువలున్నాయి. నార్మల్ అంటే బొమ్మలు, స్టైల్ ఫైళ్లతో సహా అంతా వచ్చేవరకు ఆగడం. ఈగర్ అంటే పేజీ నిర్మాణం సిద్ధమైతే చాలు. నన్ అంటే అసలు ఆగకపోవడం. ప్రకటనలు, బయటి సైట్ల స్క్రిప్టులు నిండిన పేజీల్లో ఎక్కడో ఒక ప్రకటన సర్వర్ నిదానిస్తే నార్మల్ రన్ మొత్తం నిదానిస్తుంది. అలాంటిచోట ఈగర్ మంచి ఎంపిక, కానీ తర్వాతి ఎదురుచూపులను జాగ్రత్తగా రాసుకోవాలి.

విండో కొలత చిన్న విషయంలా కనిపిస్తుంది. తెర లేకుండా నడిచే పాత హెడ్‌లెస్ క్రోమ్, కొలత చెప్పకపోతే 800×600తో తెరుచుకునేది. తెర వెడల్పును బట్టి రూపు మార్చుకునే సైట్లు అంత ఇరుకులో మొబైల్ రూపానికి మారిపోతాయి, పైనున్న మెనూ మూడు గీతల గుర్తు వెనకకు వెళ్లిపోతుంది. లాప్‌టాప్‌లో దొరికే లింకు సర్వర్‌లో దొరకకపోవడానికి ఇంతకంటే పెద్ద రహస్యం ఉండకపోవచ్చు. ప్రతి సెషన్‌కూ కొలతను స్పష్టంగా ఇవ్వడం, మొబైల్ రూపాన్ని వేరే పరీక్షగా పెట్టుకోవడం సరైన పద్ధతి.

ప్రొఫైల్ విషయంలో డిఫాల్టే మంచిది. ప్రతి సెషన్‌కూ కుకీలు, చరిత్ర లేని తాజా ప్రొఫైల్ తయారవుతుంది. లాగిన్ శ్రమ తప్పించుకోవడానికి సొంత ప్రొఫైల్‌ను చూపించేవారున్నారు. ఒకే ప్రొఫైల్‌ను రెండు బ్రౌజర్లు పంచుకోలేవు కాబట్టి పరీక్షలను పక్కపక్కన నడపబోగానే ఆ ఏర్పాటు కూలిపోతుంది. నిన్నటి కుకీ నేటి లోపాన్ని కప్పిపెట్టడం అంతకంటే పెద్ద నష్టం.

ఎదురుచూపు

బ్రౌజర్ పరీక్షల అమరికలో అత్యంత కష్టమైన భాగం కాలం. పేజీ వచ్చిందని బ్రౌజర్ అనుకునే క్షణం వేరు, అప్లికేషన్ పనికి సిద్ధమయ్యే క్షణం వేరు. రియాక్ట్, యాంగ్యులర్ వంటివాటితో కట్టిన అప్లికేషన్లలో పేజీ లోడ్ పూర్తయ్యాకే అసలు సమాచారం కోసం సర్వర్‌కు అభ్యర్థనలు వెళ్తాయి. ఆ ఖాళీలో స్క్రిప్టు దూరితే పరీక్ష ఒకసారి పాసవుతుంది, ఒకసారి ఫెయిలవుతుంది.

ప్రమాణం ప్రకారం డిఫాల్టు విలువలు ఇవీ: పేజీ లోడ్‌కు 300 సెకన్లు, స్క్రిప్టు అమలుకు 30 సెకన్లు, ఎలిమెంట్‌ను వెతకడానికి ఇంప్లిసిట్ వెయిట్ సున్నా. ఈ సున్నాను చూసి కంగారుపడి ఎక్కడపడితే అక్కడ మూడేసి సెకన్ల నిద్ర పెట్టడం సాధారణంగా జరిగే పని. 200 పరీక్షలు, ఒక్కోదానిలో ఐదుచోట్ల మూడు సెకన్ల నిద్ర అనుకుంటే, 3,000 సెకన్లు, అంటే 50 నిమిషాలు ఏ పనీ జరగకుండా పోతాయి. సర్వర్ నాలుగు సెకన్లు తీసుకున్న రోజున అంత నిద్రా వృథా అవుతుంది.

ఎక్స్‌ప్లిసిట్ వెయిట్ దీనికి సరైన విరుగుడు. ఒక షరతు చెప్పి, అది నెరవేరేవరకు, గరిష్ఠంగా ఇంతసేపు ఆగమంటాం. సెలీనియం మామూలుగా ప్రతి 500 మిల్లీసెకన్లకోసారి షరతును చూసి, నెరవేరిన వెంటనే ముందుకు కదులుతుంది. షరతును ఎంచుకోవడంలో టెస్టర్ నైపుణ్యం బయటపడుతుంది. బటన్ ఉందా అని అడగడం ఒకటి, నొక్కడానికి వీలుగా ఉందా అని అడగడం మరొకటి. తిరిగే చక్రం మాయమైందా, పట్టికలో కనీసం ఒక వరుస వచ్చిందా, ఆర్డర్ నంబరు గడిలో అంకె పడిందా అని వాడుకరి కళ్లతో చూసే షరతులు ఎక్కువ కాలం నిలుస్తాయి.

ఇంప్లిసిట్, ఎక్స్‌ప్లిసిట్ వెయిట్లను కలపకూడదని సెలీనియం పత్రాలే హెచ్చరిస్తాయి. ఇంప్లిసిట్ 10 సెకన్లు, ఎక్స్‌ప్లిసిట్ 15 సెకన్లు పెడితే 20 సెకన్లకు టైమ్‌అవుట్ కావచ్చని అక్కడే ఉదాహరణ ఇచ్చారు. ఇంప్లిసిట్‌ను సున్నాలోనే ఉంచి, అవసరమైన ప్రతిచోటా షరతు రాయడం మొదట్లో శ్రమ అనిపించినా, ఆ తర్వాత నెలల తరబడి వచ్చే తలనొప్పితో పోలిస్తే అది చాలా తక్కువ.

కోడ్ మారకపోయినా ఫలితం మారే పరీక్షలను ఫ్లేకీ పరీక్షలంటారు. ఎంతో వనరులున్న గూగుల్ కూడా 2016లో తన రన్లలో దాదాపు 1.5 శాతం ఫ్లేకీ ఫలితాలిస్తున్నాయని, పరీక్షల్లో దాదాపు 16 శాతానికి ఎంతోకొంత ఈ లక్షణం ఉందని బయటపెట్టింది. ఆ లెక్క బ్రౌజర్ పరీక్షలకే పరిమితం కాదు, అన్నిరకాలవీ అందులో ఉన్నాయి. ఫెయిలైన పరీక్షను మళ్లీ నడిపే రీట్రై సౌకర్యం దాదాపు ప్రతి ఫ్రేమ్‌వర్క్‌లోనూ దొరుకుతుంది. రెండోసారి పాసైందని మొదటి ఫెయిల్యూర్‌ను చెరిపేస్తే మాత్రం, నూటికి ఒక వాడుకరికి తగిలే నిజమైన లోపం కూడా దానితో పాటే చెరిగిపోతుంది. రీట్రై పెట్టుకున్నప్పుడు ఎన్నిసార్లు అవసరమైందో నమోదు చేసి, తరచూ అలా మళ్లీ నడపవలసి వచ్చే పరీక్షలను ఎవరో ఒకరికి పనిగా అప్పగించాలి.

లొకేటర్లు

ఎలిమెంట్‌ను వెతకడానికి సెలీనియంలో ఎనిమిది సంప్రదాయ పద్ధతులున్నాయి. ఐడీ, నేమ్, క్లాస్, ట్యాగ్, లింకు పాఠం, లింకు పాఠంలో కొంత భాగం, సీఎస్ఎస్, ఎక్స్‌పాత్. స్థిరమైన ఐడీ ఉంటే అదే అన్నిటికంటే మేలు. లేకపోతే పరీక్షల కోసమే ఒక ప్రత్యేక లక్షణాన్ని హెచ్‌టీఎంఎల్‌లో పెట్టమని డెవలపర్లను అడగడం ఉత్తమం. డెవలపర్ టూల్స్ నుంచి కాపీ చేసిన పొడవాటి ఎక్స్‌పాత్‌లు పేజీలో ఒక పెట్టె పెరిగితే చాలు, చెదిరిపోతాయి. ఇలా ఎలిమెంట్లను వెతికే లొకేటర్లన్నిటినీ పరీక్షల్లో చల్లకుండా పేజీకొక క్లాసులో దాచే పేజ్ ఆబ్జెక్ట్ పద్ధతి సెలీనియం లోకంలో బాగా వేళ్లూనుకుంది.

హెడ్‌లెస్, కంటైనర్లు

బిల్డ్ సర్వర్లకు తెర ఉండదు. ఒకప్పుడు ఇందుకోసం 2011లో వచ్చిన ఫాంటమ్‌జేఎస్‌ను వాడేవారు. 2017లో క్రోమ్ 59 తానే హెడ్‌లెస్‌గా నడవడం మొదలుపెట్టాక దాని అవసరం తీరి, 2018లో అభివృద్ధి నిలిచిపోయింది. క్రోమ్ పాత హెడ్‌లెస్ మోడ్ నిజానికి వేరే బ్రౌజర్ వంటిదే, కొన్ని విషయాల్లో అసలు క్రోమ్‌కు భిన్నంగా ప్రవర్తించేది. 2023లో 112వ వెర్షన్‌తో వచ్చిన కొత్త హెడ్‌లెస్ మోడ్ అసలు క్రోమ్‌నే విండో చూపకుండా నడుపుతుంది. పాత స్క్రిప్టుల్లో పాత పద్ధతి ఇంకా ఉంటే మార్చుకోవాలి.

డాకర్ కంటైనర్‌లో క్రోమ్‌ను నడిపేటప్పుడు ఎదురయ్యే ప్రసిద్ధమైన సమస్య షేర్డ్ మెమరీ. డాకర్ డిఫాల్టుగా ఇచ్చేది 64 ఎంబీ మాత్రమే. బరువైన పేజీ తెరవగానే ట్యాబ్ కూలిపోతుంది, లాగులో కారణం అర్థం కాదు. సెలీనియం ప్రాజెక్టు తన ఇమేజ్‌లకు దాన్ని 2 జీబీకి పెంచమని సూచిస్తుంది. శాండ్‌బాక్స్ ఆపే ఆప్షన్ ఇంకొకటి. కంటైనర్‌లో రూట్ యూజర్‌గా నడిపితే క్రోమ్ మొదలుకాదు కాబట్టి చాలామంది కళ్లు మూసుకుని దాన్ని పెట్టేస్తారు. రూట్ కాని యూజర్‌తో నడిపితే ఆ అవసరమే ఉండదు. బ్రౌజర్ భద్రతకు పునాది అయిన గోడను అలవాటుగా తీసేయడం మంచిది కాదు.

తెలుగు పేజీలను పరీక్షించడం

తెలుగులో సేవలందించే వెబ్‌సైట్లకు కొన్ని ప్రత్యేక ఏర్పాట్లు కావాలి. కంటైనర్ ఇమేజ్‌లలో తెలుగు ఫాంట్ లేకపోతే స్క్రీన్‌షాట్లలో అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు వస్తాయి. ప్రమాదమేమిటంటే పరీక్ష మాత్రం పాసవుతుంది, ఎందుకంటే సెలీనియం పేజీలోని యూనికోడ్ పాఠాన్ని చదువుతుందే తప్ప తెరమీద అక్షరం ఆకారాన్ని చూడదు. నోటో శాన్స్ తెలుగు, లోహిత్ తెలుగు వంటి ఫాంట్లను ఇమేజ్‌లో కలపాలి. వాడుకరుల ఫోన్లలో ఉండే ఫాంటుకూ దీనికీ వెడల్పులో తేడా ఉంటుంది కాబట్టి, బటన్‌లో పేరు ఇమిడిందా లేదా అన్నది అసలు ఫోన్‌లో కూడా చూడటం అవసరం.

పాఠాలను పోల్చేటప్పుడు కంటికి కనిపించని తేడాలు దెబ్బతీస్తాయి. ఐత్వం గుర్తును యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వానికి ఐత్వపు పొడిగింపు గుర్తును చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెరమీద రెండూ ఒకటే, పోలిస్తే వేరు. పోల్చే ముందు రెండు వైపులనూ యూనికోడ్ నార్మలైజేషన్‌తో ఒకే రూపానికి తేవాలి. సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్ వంటి మాటల మధ్యలో పొల్లు నిలవడానికి పెట్టే అదృశ్య అక్షరం, జీరో విడ్త్ నాన్ జాయినర్, ఈ నార్మలైజేషన్‌కు లొంగదు. అనువాదకులు ఒకచోట పెట్టి మరోచోట పెట్టకపోతే అది లోపమే. దాన్ని తీసేసి పోల్చడం కంటే, లోపంగా చూపించడమే పాఠకులకు మేలు చేస్తుంది.

ఫారాల్లో అక్షరాల పరిమితులు మరో రకం పరీక్షను కోరతాయి. స్త్రీ అన్నది మనకు ఒక్క అక్షరం, బ్రౌజర్ లెక్కలో ఆరు. లక్ష్మి ఏడు. పేరు గడికి ఇంగ్లీషు పేర్లను ఊహించి పెట్టిన హద్దు తెలుగు పేర్లను మధ్యలో నరికేస్తుంది, కొన్నిసార్లు వత్తును హల్లునుంచి విడదీస్తుంది. టెస్ట్ డేటాలో సంయుక్తాక్షరాలు నిండిన పేర్లు ఉండి తీరాలి.

టైపింగ్ విషయంలో సెలీనియానికి ఒక పరిమితి ఉంది. అది తెలుగు అక్షరాలను నేరుగా గడిలో పెడుతుంది. మనిషి ఇంగ్లీషు అక్షరాలతో లిప్యంతరీకరణ కీబోర్డుమీద కొట్టేటప్పుడు మాట దశలవారీగా మారుతూ వస్తుంది. వెతుకుతుండగానే సూచనలు చూపించే పెట్టెలు సరిగ్గా ఆ దశల్లోనే తడబడతాయి. ఆ తడబాటు ఈ పరీక్షలకు చిక్కదు, చేత్తో పరీక్షించాల్సిందే.

బ్రౌజర్ భాషా ప్రాధాన్యంగా తెలుగు, భారతదేశం అని చెప్పాలి. అప్పుడే సైటు తెలుగు పేజీని ఇస్తుందో లేదో, అంకెలు 1,00,000 అన్నట్టు లక్షల పద్ధతిలో వస్తున్నాయో లేదో తేలుతుంది. ఇక కాలమండలం. క్లౌడ్ సర్వర్లు సాధారణంగా యూటీసీ మీద నడుస్తాయి, మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. మనకు అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5.30 వరకు యూటీసీలో తేదీ నిన్నటిదే. నేటి తేదీతో టికెట్ బుకింగ్ పరీక్ష పగలంతా పాసై, రాత్రి బిల్డ్‌లో మాత్రం ఫెయిలవడానికి ఇది చాలు. కంటైనర్‌కు ఆసియా కోల్‌కతా కాలమండలాన్ని ఇవ్వడం ఒక మార్గం. రెండింటిలోనూ నడిపి చూడటం ఇంకా మంచిది, విదేశాల్లోని తెలుగువారు కూడా అదే సైటును వాడతారు.

ఒకే బ్రౌజర్‌తో సరిపెట్టుకోవడం ఎందుకు చాలదో 2018 ఫిబ్రవరిలో తేలింది. జ్ఞా అనే అక్షరంలో పైన చెప్పిన అదృశ్య నాన్ జాయినర్ కలిసిన ఒక వరుస, ఐఫోన్లలోని ఐఓఎస్ 11 మీద సందేశాల యాప్‌లను కూల్చేసింది. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిదిద్దింది. లినక్స్‌మీద క్రోమ్‌తో ఎన్ని వేల పరీక్షలు నడిపినా అలాంటిది దొరకదు. లోపం అక్షరాలను గీసే ఆపిల్ భాగంలో ఉంది. అందుకు సఫారీ కావాలి, వీలైతే అసలు ఫోన్ కావాలి. ఫోన్లను నడపడానికి వెబ్‌డ్రైవర్ పద్ధతినే అనుసరించే ఆపియం ఉంది.

గ్రిడ్

పరీక్షలు వందల్లోకి వచ్చాక ఒక యంత్రం చాలదు. గ్రిడ్‌లో ఒక హబ్ అభ్యర్థనలను తీసుకుని, ఖాళీగా ఉన్న నోడ్లకు పంపుతుంది. నాలుగో వెర్షన్‌లో దీన్ని రూటర్, డిస్ట్రిబ్యూటర్, సెషన్ మ్యాప్, కొత్త సెషన్ల క్యూ, ఈవెంట్ బస్ అని విడగొట్టారు. చిన్న టీమ్‌కు ఇవన్నీ కలిసి నడిచే స్టాండలోన్ పద్ధతే సరిపోతుంది. నోడ్ డిఫాల్టుగా తన ప్రాసెసర్ కోర్లు ఎన్నుంటే అన్ని సెషన్లు తీసుకుంటుంది. సఫారీ మాత్రం ఒక్కటే. ఈ సంఖ్యను పెంచాలన్న ఆశ అందరికీ కలుగుతుంది. పెంచితే ప్రతి బ్రౌజర్ నిదానించి, పైన చెప్పిన ఎదురుచూపుల లెక్కలన్నీ తప్పి, ఫ్లేకీ పరీక్షలు పుట్టుకొస్తాయి.

గ్రిడ్‌కు డిఫాల్టుగా పాస్‌వర్డ్ లేదు. 4444 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచిపెడితే ఎవరైనా మన యంత్రాల్లో తమ పని చేయించుకోగలరు. అలా తెరిచి ఉన్న గ్రిడ్లను పట్టుకుని క్రిప్టోకరెన్సీ తవ్వుకుంటున్న దాడులను భద్రతా పరిశోధకులు 2024లో వెల్లడించారు. గ్రిడ్ ఎప్పుడూ ఫైర్‌వాల్ వెనకే ఉండాలి. సొంత గ్రిడ్ నడపలేనివారికి క్లౌడ్ సేవలున్నాయి. హగ్గిన్స్ సహస్థాపకుడిగా 2008లో మొదలైన సాస్ ల్యాబ్స్, 2011లో ముంబైలో పుట్టిన బ్రౌజర్‌స్టాక్ వాటిలో పేరున్నవి.

బ్రౌజర్‌కు అప్పగించకూడని పనులు

సెలీనియం పత్రాలు కొన్ని పనులను వద్దని స్పష్టంగా చెబుతాయి. కాప్చా దాటడం, బయటి సంస్థల లాగిన్ పేజీలగుండా వెళ్లడం, ఫైలు డౌన్‌లోడ్‌ను పరీక్షించడం, వేగాన్ని కొలవడం వాటిలో ఉన్నాయి. మన దేశంలో ఈ జాబితాలోని ఓటీపీ మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టాలి. ఫోనుకు వచ్చే సంఖ్యను స్క్రిప్టుతో చదివించే ప్రయత్నాలు పెళుసుగా ఉంటాయి. టెస్ట్ సర్వర్‌లో కొన్ని నంబర్లకు నిర్ణీత ఓటీపీ పనిచేసేలా డెవలపర్లతో ఏర్పాటు చేయించుకోవడం, ఆ ఏర్పాటు అసలు సర్వర్‌లోకి వెళ్లకుండా కాపలా పెట్టడం సరైన దారి.

లాగిన్ పేజీని పరీక్షించే స్క్రిప్టు ఒకటి చాలు. మిగతా పరీక్షలు ఏపీఐ ద్వారా లాగినై, కుకీని బ్రౌజర్‌లో పెట్టి, నేరుగా తమ పేజీకి వెళ్లవచ్చు. ప్రతి పరీక్షా తన డేటాను తానే సృష్టించుకోవాలి. మైక్ కోన్ 2009లో ప్రచారంలోకి తెచ్చిన టెస్ట్ పిరమిడ్ అనే ఆలోచన చెప్పేది కూడా ఇదే: అడుగున యూనిట్ పరీక్షలు ఎక్కువ, పైన బ్రౌజర్ పరీక్షలు కొద్ది.

పోటీ సాధనాలు, రాబోయే మార్పు

గూగుల్ నుంచి 2017లో పపెటీర్, మైక్రోసాఫ్ట్ నుంచి 2020లో ప్లేరైట్ వచ్చాయి. బ్రౌజర్ లోపలే నడిచే సైప్రెస్ కూడా ఆదరణ పొందింది. ప్లేరైట్ ప్రతి క్లిక్‌కు ముందు బటన్ సిద్ధమయ్యేవరకు తానే ఆగుతుంది, తనకు సరిపడే బ్రౌజర్లను తానే తెచ్చుకుంటుంది. సెలీనియంలో మనం చేత్తో చేసే అమరికలో సగం అక్కడ డిఫాల్టుగా వస్తుంది. కొత్తగా మొదలుపెట్టే చిన్న టీమ్‌కు అది తేలిక. అనేక భాషల్లో ఏళ్ల తరబడి పేరుకున్న పరీక్షలున్నచోట, వాడుకరుల చేతిలో ఉన్న అసలు సఫారీని పరీక్షించవలసినచోట, ప్రమాణాన్ని అనుసరించడం ముఖ్యమైనచోట సెలీనియానికి బలం ఎక్కువ.

పాత వెబ్‌డ్రైవర్ పద్ధతిలో స్క్రిప్టు అడిగితేనే బ్రౌజర్ చెబుతుంది. కన్సోల్‌లో ఎర్రర్ వచ్చిందనీ, ఒక అభ్యర్థన విఫలమైందనీ అది తనంతట తాను చెప్పలేదు. ఇందుకోసం సెలీనియం 4 క్రోమ్ డెవ్‌టూల్స్ ప్రోటోకాల్‌ను వాడుకుంది. అయితే అది క్రోమ్ సొంతం, వెర్షన్ వెర్షన్‌కూ మారుతుంది. రెండు వైపులా మాట్లాడుకునే వెబ్‌డ్రైవర్ బైడై అనే కొత్త ప్రమాణం ఇప్పుడు దాని స్థానంలోకి వస్తోంది. 2024లో ఫైర్‌ఫాక్స్ డెవ్‌టూల్స్ ప్రోటోకాల్‌ను డిఫాల్టుగా నిలిపివేసి, బైడై వైపు పూర్తిగా మళ్లింది. సెలీనియంలో దీన్ని వాడాలంటే సెషన్ మొదలుపెట్టేటప్పుడు వెబ్‌సాకెట్ యూఆర్ఎల్ అనే సెట్టింగును ట్రూ అని పంపాలి. డ్రైవర్ తన జవాబులో ఆ వెబ్‌సాకెట్ చిరునామాను తిప్పి ఇస్తుంది. గ్రిడ్ ముందు రివర్స్ ప్రాక్సీ ఉన్నచోట, ఆ ప్రాక్సీ వెబ్‌సాకెట్ కనెక్షన్లను అనుమతించేలా విడిగా అమర్చుకోవాలి.